కట్టు విప్పారు, మరి ఎముక సంగతి?

అందరికీ నమస్కారం. మూడేళ్ల కిందట మా పెద్దమ్మ బాత్‌రూమ్‌లో జారి, చెయ్యి ఆనించి కూలబడింది, అంతే, మణికట్టు విరిగింది. సిమెంట్ కట్టు వేశారు, ఆరువారాలకి విప్పారు. ఈ వయసులో మామూలేలే అనుకున్నాం. ఏడాది తిరక్కుండానే బియ్యం డబ్బా జరపబోతే నడుం కలుక్కుమంది, ఎక్స్‌రే తీస్తే వెన్నుపూస అణిగిపోయి ఉంది.

నిలబడ్డ మనిషి జారిపడినంత మాత్రాన ఎముక విరగడం మామూలు విషయం కాదండీ. లోపల ఎముక గుల్లబారిందేమో (డాక్టర్ల మాటలో ఆస్టియోపోరోసిస్) అని ఆ మొదటిసారే అడగాల్సింది, ఎవరమూ అడగలేదు. పుత్తూరు కట్టు కట్టించినా, సిమెంట్ కట్టు వేయించినా అది విరిగినచోట అతకడానికే, మిగతా ఎముకల బలం సంగతి దానికి పట్టదు.

చాలామంది దీన్ని మోకాళ్ల అరుగుదలతో కలిపేస్తారు. అరుగుదల అయితే నొప్పి పెట్టి చెబుతుంది, ఇది విరిగేదాకా చప్పుడు చెయ్యదు. ఎప్పటి లంగాయే ఇప్పుడు నేలకి రాసుకుంటోందా? వెన్నుపూసలు అణిగి ఎత్తు తగ్గారేమో చూసుకోండి. నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పడిపోయి తొలి ఐదారేళ్లు ఎముక వేగంగా తరిగిపోతుంది, చిన్నవయసులోనే గర్భసంచితో పాటు అండాశయాలూ తీయించుకుంటే ఆ తరుగుడు అప్పుడే మొదలవుతుంది, పైగా గర్భసంచి ఆపరేషన్లు దేశంలోనే మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువ. ఆయాసానికో కీళ్లవాతానికో నెలల తరబడి స్టెరాయిడ్లు వాడే మగవాళ్లకీ ఇది వస్తుంది.

ఎముక గట్టిదనం కొలిచే పరీక్ష పేరు డెక్సా స్కాన్, పావుగంట పడుకుంటే అయిపోతుంది. అందులో వచ్చే టీ స్కోర్ (ఆరోగ్యంగా ఉన్న వయసువాళ్ల ఎముకతో పోలిస్తే మనది ఎంత తక్కువో చెప్పే అంకె) మైనస్ 2.5 గానీ అంతకంటే కిందికి గానీ ఉంటే జబ్బు ఉన్నట్టే. అప్పుడు ఒట్టి కాల్షియం మాత్రలతో సరిపెట్టుకోవద్దు, మందు వేరే ఉంటుంది. రాగిజావ, పాలు, నువ్వులు, నడక, కాస్త బరువులెత్తడం ఎలాగూ కావాలి. ఆరునెలలకోసారి చేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్ మాత్రం డాక్టర్ని అడక్కుండా మానేస్తే వెన్నుపూసలు వరసగా విరిగే ప్రమాదం ఉంది, జాగ్రత్త.

మా పెద్దమ్మది వారానికోసారి మాత్ర. పరగడుపున గ్లాసుడు మంచినీళ్లతో మింగాలి, అరగంట నడుం వాల్చకూడదు, వాలిస్తే గొంతులో మంట, ఏమీ తినకూడదు, తాగకూడదు, లేకపోతే మందు ఒంటికి పట్టదు. అందుకే ఆదివారం పొద్దున్నే గడియారం చూసుకుంటూ వాకిట్లో పచార్లు చేస్తుంటుంది, కాఫీ ఎప్పుడిస్తారే అని లోపలికి కేకలేస్తూ.