ఫార్మాట్ కొట్టక ముందు

(ఇంజనీర్ల దినోత్సవం నాడు విజయనగరంలో భవన డిజైనర్లు, డ్రాఫ్ట్స్‌మెన్, డిప్లొమా విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఎండలో పడి వచ్చిన మీ అందరికీ నమస్కారం. అధ్యక్షులవారు ముప్పై నిమిషాలు ఇచ్చారు. అందుకని పూలదండల మాటలు పక్కన పెట్టి, ఈ రోజు ఎవరిదో ఆయన్ని ఒక్కసారి తలుచుకుని పనిలోకి దిగుతాను. 1908లో మూసీ వరద హైదరాబాదుని ముంచేసిన తర్వాత విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఊళ్లో గట్లు ఎత్తు చేసి ఊరుకోకుండా ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూశారాయన. ఎగువన ఆపమన్నారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చినవే. తప్పు కనబడిన చోటు వేరు, పుట్టిన చోటు వేరు. నా మాటంతా దీని చుట్టూనే.

మన డ్రాయింగ్ ఆఫీసుల్లో భవనాన్ని త్రీడీ మోడల్‌గా గీసే స్కెచప్ గానీ రెవిట్ గానీ లేని చోటు లేదు. వాటి మీద ఎన్‌స్కేప్ లాంటి రియల్ టైం రెండరింగ్ ప్లగిన్, అంటే వాటికి అదనంగా తగిలించే సాఫ్ట్‌వేర్, వేసుకుంటున్నాం. గోడ జరిపితే తెర మీద పక్కనే తెరుచుకున్న రెండర్ కిటికీలో ఆ గోడ అప్పటికప్పుడే ఎండతో, నీడతో జరగాలి, ఇంటాయన కుర్చీలో కూర్చుని తన హాల్లో తిరిగి రావాలి. అందుకే కదా కొన్నాం. కానీ ఒక రోజు కిటికీ నల్లగా వస్తుంది, లేకపోతే తెరుచుకున్నట్టే తెరుచుకుని మూసుకుపోతుంది. అప్పుడు వినబడే మాట ఒకటే: "ఫార్మాట్ కొట్టించీ బాబూ, అదే సరిపోద్ది."

సరిపోదు. నేనీ వేదిక ఎక్కిందే ఆ మాట చెప్పడానికి. ఫార్మాట్ అంటే ఒక రోజు పని పోయినట్టు. విండోస్, డ్రైవర్లు, ఆటోక్యాడ్, తెలుగు ఫాంట్లు, ప్లాటర్ సెట్టింగు, ఏళ్ల తరబడి సరిచేసుకున్న పెన్నుల సీటీబీ ఫైలు, మెటీరియల్ ఫోల్డరు, లైసెన్సుల యాక్టివేషన్... ఇంతా అయ్యాక అదే కిటికీ మళ్లీ నల్లగా వస్తుంది. ఎందుకంటే మానిటర్ కేబులు అప్పటికీ తప్పు రంధ్రంలోనే ఉంది.

ఆ కేబుల్ దగ్గరే మొదలుపెడదాం. డెస్క్‌టాప్ వెనక్కి వెళ్లి చూడండి. పైన యూఎస్‌బీ రంధ్రాల పక్కనున్న హెచ్‌డీఎంఐ మదర్‌బోర్డుది. కింద, విడిగా అడ్డంగా ఉన్న పట్టీలోని హెచ్‌డీఎంఐ గ్రాఫిక్స్ కార్డుది. సర్వీసుకి ఇచ్చి తెచ్చుకున్నాక తొందరలో పై దాంట్లో గుచ్చేస్తాం. బొమ్మ వస్తుంది కాబట్టి అంతా బాగుందనుకుంటాం. వేలకు వేలు పోసి కొన్న కార్డు మాత్రం ఖాళీగా కూర్చుని ఉంటుంది.

ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్లు ఇప్పుడే తెరవండి. నేను ఆగుతాను. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్ పేజీలో ఎడమ పక్క కిందికి రండి. జీపీయూ 0, జీపీయూ 1 అని రెండు కనబడితే ఒకటి ప్రాసెసర్‌లో కలిసి ఉన్నది, రెండోది అసలు కార్డు. అసలు కార్డు మీద నొక్కి డెడికేటెడ్ జీపీయూ మెమరీ ఎంతో ఒక కాగితం మీద రాసుకోండి. ఎన్‌స్కేప్‌కి విడి గ్రాఫిక్స్ కార్డు కావాలి, ఆ మెమరీ తక్కువలో తక్కువ 4 జీబీ ఉండాలి, కార్డుకి వల్కన్ అనే సదుపాయం రావాలి. 2 జీబీ పాత కార్డు మీద ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా ఫలితం ఉండదు. ఈ ఒక్క సంగతి ముందే చూసుకుంటే సగం గొడవలు పుట్టవు.

ఇక ఇన్‌స్టాలేషన్. ముందు స్కెచప్ పూర్తిగా మూసేయండి. తెరిచి ఉండగా వేస్తే టూల్‌బార్ రాదు. పాత వెర్షన్ ఉంటే తీసేసి, సిస్టం ఒకసారి రీస్టార్ట్ చేసి, అప్పుడు కొత్తది వేయండి. ఈ ఒక్క యూజర్‌కా, అందరికా అని ఇన్‌స్టాలర్ అడుగుతుంది. మొదటిసారి అందరికీ అని, రెండోసారి ఒక్కరికే అని వేస్తే రెండు కాపీలు పడి ఒకదానికొకటి అడ్డం వస్తాయి. ఆఫీసంతటికీ ఒకటే పద్ధతి పెట్టుకోండి. స్కెచప్‌ని కొత్త వెర్షన్‌కి మార్చిన రోజున ప్లగిన్ కూడా మార్చాలి. పాత ప్లగిన్‌కి కొత్త స్కెచప్ తెలియదు. టూల్‌బార్ కనబడకపోతే వ్యూలో టూల్‌బార్స్‌లో టిక్ ఉందో లేదో, ఎక్స్‌టెన్షన్ మేనేజర్‌లో ఆన్ అయి ఉందో లేదో చూడండి. రెవిట్‌వాళ్లకి మొదటిసారి ఒక హెచ్చరిక పెట్టె వస్తుంది. దానికి ఆల్వేస్ లోడ్ అని చెప్పాలి. తొందరలో వద్దని నొక్కినవాళ్లు తర్వాత ప్లగిన్ పోయిందని వెతుక్కుంటారు.

ఇంత చేశాక ల్యాప్‌టాపుల్లో ఇంకో మెట్టు ఉంది. చార్జి మిగల్చడానికి విండోస్ తనంతట తానే చిన్న కార్డుని ఎంచుకుంటుంది. సెట్టింగ్స్, సిస్టం, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ వరసగా తెరిచి, స్కెచప్‌ని, ఎన్‌స్కేప్ క్లయింట్ అనే ప్రోగ్రామ్‌ని రెండింటినీ జాబితాలో చేర్చి, ఆప్షన్స్‌లో హై పెర్ఫార్మెన్స్ పెట్టి సేవ్ చేయండి. బొమ్మ గీసేది ఆ క్లయింటే, స్కెచప్ ఒక్కదాన్నే చేరిస్తే సగం పనే అయినట్టు. ఇంటాయన ముందు చూపించేటప్పుడు చార్జర్ తగిలించే ఉంచండి. బ్యాటరీ మీద కార్డు పూర్తి బలంతో నడవదు.

ఇప్పుడు అసలు విషయం. ఆగిపోయింది అనే మాట మానేద్దాం. ఎలా ఆగిపోయింది? మూడు రకాలుగా ఆగుతుంది, మూడింటికీ కారణాలు వేరు.

ఒకటి, సిస్టం మొత్తం టక్కున ఆరిపోవడం. ఇది ప్లగిన్ తప్పు కాదు, కరెంటుది, లేకపోతే వేడిది. ఆర్‌టీఎక్స్ 3060 కార్డు ఒక్కటే 170 వాట్లు లాగుతుంది, దానికి 550 వాట్ల పవర్ సప్లై పెట్టమని తయారీదారే చెప్తాడు. పాత 400 వాట్ల డబ్బాలో ఆ కార్డు బిగిస్తే ఆటోక్యాడ్ హాయిగా నడుస్తుంది, రెండర్ కిటికీ తెరవగానే ఆరిపోతుంది. యూపీఎస్ సంగతీ అంతే. 600 వీఏ అని రాసి ఉన్నది చాలా వాటిలో 360 వాట్లే. కార్డు, ప్రాసెసర్, మానిటర్ కలిసి లాగుతున్నప్పుడు లైను పోతే అది మోయలేదు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రమే, అరగంట నడిచాక ఆరిపోతుంటే మాత్రం ఫ్యాన్లలో దుమ్ము చూడండి. రోడ్డు పక్క షట్టర్ గదుల్లోని ఆఫీసులకి ఇది తప్పదు.

రెండోది, తెర నల్లబడి, మూడు నాలుగు సెకన్లకి తిరిగొచ్చి, డిస్‌ప్లే డ్రైవర్ స్పందించలేదు, కోలుకుంది అని చెప్పడం. గ్రాఫిక్స్ కార్డు 2 సెకన్లలోపు బదులు ఇవ్వకపోతే విండోస్ దాన్ని బలవంతంగా రీసెట్ చేస్తుంది. ఆ గడువు పెంచడానికి విండోస్ తన లోపలి సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో టీడీఆర్ డిలే అనే విలువ ఉంది, దాన్ని 10 సెకన్లు చేయమని ఎక్కడ చూసినా చెప్తారు. అది ఆఖరి మెట్టుగా ఉంచుకోండి, ముందు డ్రైవర్ సరిచేయండి. రాత్రి విండోస్ అప్‌డేట్ తన సొంత డ్రైవర్ వేసి పోవడం మామూలే. ఎన్‌విడియా కార్డయితే ఆటలవాళ్ల గేమ్ రెడీ డ్రైవర్ కాకుండా స్టూడియో డ్రైవర్ దించి, కస్టమ్ నొక్కి, క్లీన్ ఇన్‌స్టలేషన్ దగ్గర టిక్ పెట్టి వేయండి.

మూడోది, రెండర్ కిటికీ ఒక్కటే మూసుకుపోవడం, స్కెచప్ బాగానే ఉండడం. ఇందులో ఎక్కువ పాళ్లు కార్డు మెమరీ చాలకపోవడమే. అది నింపింది మనమే, మన టెక్స్‌చర్లతో, అంటే గోడలకీ నేలకీ అతికించే బొమ్మలతో. దీని దగ్గర కాసేపు ఆగుదాం.

"పాలరాతి బొమ్మ 3 ఎంబీయే కదండీ" అంటారు. జేపీజీ ఫైలుగా డిస్కు మీద ఉన్నప్పుడు 3 ఎంబీ. పొందూరు పంచె మడత పెడితే చేతిసంచిలో పడుతుంది, కట్టుకోవాలంటే మొత్తం విప్పాలి. కార్డు మెమరీలో బొమ్మ కూడా విప్పుకునే ఉంటుంది. 4096 అడ్డం, 4096 నిలువు, ఒక్కో చుక్కకి 4 బైట్లు. కుదించకుండా పెడితే 64 ఎంబీ. దూరం నుంచి చూడడానికి దాచుకునే చిన్న నకళ్లతో కలిపి 85. ఒక్క మెటీరియల్‌కి రంగు, ఎగుడుదిగుడు, మెరుపు అని మూడు బొమ్మలు వేస్తే 255 ఎంబీ. అలాంటివి పదహారు వేస్తే 4 జీబీ కార్డు నిండిపోయింది, ఇంకా గోడలే రాలేదు. రెండడుగుల టైలుకి, అదీ ఇరవై అడుగుల దూరం నుంచి చూసేదానికి, 1024 బొమ్మ చాలు. అది 4 ఎంబీ. గుమ్మం చెక్కడం, పూజగది తలుపు, కెమెరా మొహం మీదికి వెళ్లే చోట మాత్రం 4096 వాడుకోండి. స్కెచప్ మోడల్ ఇన్ఫోలో స్టాటిస్టిక్స్ తెరిచి పర్జ్ అన్‌యూజ్డ్ నొక్కితే, ఎప్పుడో తెచ్చి వదిలేసిన సోఫాలు, కార్లు, వాటి బొమ్మలు పోతాయి. బాల్కనీ గ్రిల్లుని కాంపొనెంట్‌గానే ఉంచండి. నలభై సార్లు పెట్టినా దాని రూపం ఒకసారే మెమరీలో ఉంటుంది. ఎక్స్‌ప్లోడ్ చేసి విడగొట్టారా, నలభై గ్రిల్లులూ నలభై బరువులు.

ఇన్‌స్టాలేషన్ తర్వాత వరసగా లైటింగు, మెటీరియల్స్, వాక్‌త్రూ చెప్పాలని రాసుకొచ్చాను. అవి ఇంకోసారి. దీన్ని మాత్రం దాటి పోలేను.

క్రాక్, అంటే లైసెన్స్ కొనకుండా సాఫ్ట్‌వేర్ నడిపించే దొంగదారి, దాని సంగతి. అందరూ వినండి, ముఖ్యంగా కొత్తగా ఆఫీసు పెట్టుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు. క్రాక్ వేయడానికి యాంటీవైరస్ ఆపమంటాడు. ఆపిన ఆ పది నిమిషాల్లో మీ సిస్టంలోకి ఏమేం వచ్చాయో మీకు తెలియదు. కస్టమర్ల ఇంటి ప్లాన్లు, పట్టాదారు కాగితాల స్కాన్లు అందులోనే ఉన్నాయి. అది ఒక ఎత్తు, రెండోది ఎవరూ చెప్పరు. చాలా క్రాకులు సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టం32, డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్లలో ఉన్న హోస్ట్స్ అనే చిన్న ఫైలులో వరసలు రాసి పోతాయి. ఆ వరసల పని కంపెనీ లైసెన్స్ సర్వరుకి దారి మూసేయడం. ఏడాది తర్వాత మీరు నిజాయితీగా డబ్బు కట్టి అసలుది కొంటారు, లైసెన్స్ కనెక్ట్ అవదు. నెట్ ఉంది, కీ సరైనదే, అయినా అవదు. ఆ తలుపు మూసి ఉన్నదని ఎవరికి తట్టుతుంది? నోట్‌ప్యాడ్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి హోస్ట్స్ ఫైలు చూడండి. # అనే హ్యాష్ గుర్తుతో మొదలవని వరసల్లో సాఫ్ట్‌వేర్ కంపెనీల పేర్లుంటే తీసేసి సేవ్ చేయండి. ఫార్మాట్ అక్కర్లేదు. లైసెన్స్ పట్టకపోవడానికి ఇంకో కారణం గడియారం. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోతే తేదీ వెనక్కి పోతుంది, తేదీ తప్పయితే సర్వరు నమ్మదు. కొత్త బిళ్ల వేసి తేదీ సరిచేస్తే అదే దారికొస్తుంది.

టైం అయిందని చీటీ వచ్చింది. రెండు ముక్కలు, అంతే.

సర్వే చేసినవాళ్లు ఇచ్చే డ్రాయింగు యూటీఎం కొలతల్లో, అంటే భూమ్మీద స్థలం ఎక్కడుందో మీటర్లలో చెప్పే పద్ధతిలో ఉంటుంది. మన విజయనగరం భూమధ్యరేఖకి సుమారు 2,000 కిలోమీటర్ల ఉత్తరాన ఉంది, అంటే ఆ డ్రాయింగులో ఉత్తరపు అంకె 20 లక్షల మీటర్ల పైన. గ్రాఫిక్స్ కార్డు మామూలుగా ఏడు అంకెల దాకానే కచ్చితంగా లెక్కిస్తుంది. అంత పెద్ద సంఖ్య దగ్గర దానికి కనబడే అతి చిన్న తేడా పన్నెండున్నర సెంటీమీటర్లు, అంటే ఐదు అంగుళాలు. కెమెరా తిప్పితే పిట్టగోడ వణుకుతుంది, కిటికీ చువ్వలు ఎగురుతాయి. కార్డు పాడైందనుకుంటారు. డ్రాయింగుని ఆరిజిన్ దగ్గరికి, అంటే కొలతలు సున్నాతో మొదలయ్యే బిందువు దగ్గరికి జరిపాకే దిగుమతి చేసుకోండి.

రెండోది ఎండ. స్కెచప్ మామూలు టెంప్లేట్ అమెరికాలోని బౌల్డర్ ఊరి మీద, 40 డిగ్రీల అక్షాంశం మీద ఉంటుంది. ప్లగిన్ ఆ ఎండనే తెచ్చి మన ఇంటి మీద వేస్తుంది. మోడల్ ఇన్ఫో, జియో లొకేషన్‌లో 18.1 ఉత్తరం, 83.4 తూర్పు వేయండి. శ్రీకాకుళంవాళ్లు 18.3, 83.9. షాడోస్‌లో టైం జోను 5:30 చేయండి. తేడా ఎంతో వినండి. డిసెంబరు 21 మిట్టమధ్యాహ్నం పదడుగుల గోడ నీడ మనకి తొమ్మిది అడుగులు, బౌల్డర్‌లో ఇరవై. మే రెండో వారం నుంచి జూలై ఆఖరు దాకా మన ఊళ్లో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరం వైపు ఉంటాడు, బౌల్డర్‌లో ఏ రోజూ ఉండడు. ఉత్తరం కిటికీకి సన్‌షేడు ఎందుకని ఇంటాయన అడిగితే, మీ బొమ్మలో అక్కడ ఎండే పడకపోతే ఏం చూపిస్తారు?

చీటీ ఇంకోటి వచ్చింది, దిగుతాను. ల్యాప్‌టాపులు తెచ్చినవాళ్లు టిఫిన్ తర్వాత ఈ ఎడమ పక్క బల్లల దగ్గరికి రండి. చార్జర్, ఆగిపోతున్న అసలు మోడల్, ఇందాక రాసుకున్న కాగితం మూడూ పట్టుకురండి. ముందుగా తెర నల్లబడి తిరిగొస్తున్నవాళ్లు కూర్చోండి.