మైలేజీ తగ్గింది, మోత పెరిగింది: సెకండ్‌హ్యాండ్ కారులో ఎక్కడ వెతకాలి?

శ్రోతలకు నమస్కారం.

సెకండ్‌హ్యాండ్ కారు కొన్న కొద్ది రోజులకే చాలామంది మెకానిక్ దగ్గరికి రెండు ఫిర్యాదులతో వెళ్తారు. మైలేజీ రావడం లేదని ఒకటి, ఎక్కణ్నుంచో మోత వస్తోందని ఇంకొకటి. షెడ్డులో ఆ రెండింటినీ వేర్వేరు జబ్బులుగానే చూస్తారు. మైలేజీ కోసం ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గులు మారుస్తారు. మోత కోసం షాకబ్జర్లు మారుస్తారు. బిల్లు కట్టి ఇంటికొచ్చాక చూస్తే మైలేజీ అంతే, మోతా అంతే. నిజానికి పాత కార్లలో ఈ రెండూ చాలాసార్లు ఒకే లోపం నుంచి పుడతాయి. పట్టేసిన బ్రేకు గానీ, సైలెన్సరు మొదట్లో పడిన సన్నటి చీలిక గానీ దారిలో చెవికి తెలుస్తుంది, బంకులో జేబుకి తెలుస్తుంది. అందుకే సామాన్లు మార్చే ముందు మోత సంగతి తేల్చుకోవడం మంచిది.

అంతకంటే ముందు మైలేజీ నిజంగా తగ్గిందో లేదో చూడాలి. డ్యాష్‌బోర్డులో కనిపించే సగటు అంకెను నమ్మకండి. బంకులో నాజిల్ దానంతట అది ఆగేదాకా పెట్రోలు పట్టించండి. ఆ తర్వాత రౌండ్ ఫిగర్ కోసం ఇంకాస్త పోయించొద్దు. ట్రిప్ మీటరు సున్నా చేసి, కనీసం 250 కిలోమీటర్లు మామూలుగా తిరగండి. మళ్లీ అదే బంకుకు వెళ్లి నాజిల్ ఆగేదాకా పట్టించండి. తిరిగిన కిలోమీటర్లను ఈ రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే వచ్చేదే మీ కారు మైలేజీ. 300 కిలోమీటర్లు తిరిగాక 20 లీటర్లు పట్టిందంటే మైలేజీ 15. ఇలా రెండుసార్లు చూస్తే లెక్క నిలుస్తుంది. కంపెనీ ప్రకటించే అంకె ప్రయోగశాలలో, ట్రాఫిక్కూ గుంతలూ లేకుండా తీసినది. ఊళ్లో ఏసీ వేసుకుని తిరిగే కారుకు అంత రాకపోతే అది రిపేరు కాదు.

లెక్కలో ఇంకో మెలిక ఉంది. పాత ఓనరు టైర్ల సైజు మార్చి ఉండొచ్చు. ఉదాహరణకు ఆల్టో 800కు కంపెనీ ఇచ్చే టైరు 145/80 ఆర్ 12. అందం కోసం 13 అంగుళాల రిమ్ముల మీద 145/80 టైర్లు వేస్తే చక్రం చుట్టుకొలత దాదాపు 5 శాతం పెరుగుతుంది. అప్పుడు కారు నిజంగా 100 కిలోమీటర్లు తిరిగితే మీటరు 95 దగ్గరే ఆగుతుంది. పెట్రోలు మాత్రం 100 కిలోమీటర్లకు సరిపడా కాలుతుంది. హైవే మీద ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని, 20 కిలోమీటర్లకు మీటరు ఎంత చూపిస్తోందో సరిచూసుకుంటే ఈ సంగతి బయటపడుతుంది.

ఇక పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. ఇథనాల్ లేని పెట్రోలుకు తయారై, 10 శాతం మిశ్రమానికి సర్దిన పాత కార్లలో ఈ20 వల్ల మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గొచ్చని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసింది. అంటే 18 ఇచ్చిన కారు 17 ఇస్తుంటే అది పెట్రోలు సంగతి. 13 ఇస్తుంటే మాత్రం కారు సంగతి.

అప్పుడు మొదట చూడాల్సింది బ్రేకులు. పాత కార్లలో ఇదే పెద్ద దొంగ, షెడ్డుల్లో ఎక్కువగా వదిలేసేదీ ఇదే. ముందు చక్రాల డిస్క్ బ్రేకులో ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ రెండు పిన్నుల మీద అటూ ఇటూ జరగాలి. ఆ పిన్నుల మీద రబ్బరు తొడుగు చిరిగితే వాన నీళ్లు పోయి, గ్రీజు ఎండి, తుప్పు పడుతుంది. కాలు పెడల్ మీద నుంచి తీసినా ప్యాడ్ డిస్కును వదలదు. కారు రోజంతా సగం బ్రేకు వేసుకునే నడుస్తుంది. గరగరమనే సన్నటి రాపిడి, కారు ఒక పక్కకి లాగడం, ఎక్సలేటర్ వదలగానే కారు త్వరగా నెమ్మదించడం దీని గుర్తులు.

పరీక్ష తేలికే. పది కిలోమీటర్ల దాకా వెళ్లి, గట్టిగా బ్రేకు వేయకుండా ఆపండి. నాలుగు చక్రాల దగ్గరా అరచేతి వెనక భాగం పెట్టి వేడి చూడండి. రిమ్మును తాకొద్దు, చెయ్యి కాలుతుంది. ముందు రెండింటినీ ఒకదానితో ఒకటి, వెనక రెండింటినీ ఒకదానితో ఒకటి పోల్చండి. ఒక చక్రం మాత్రమే సెగలు కక్కుతుంటే తప్పు అక్కడే. తర్వాత సమతలం మీద, మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, జాకీతో ఆ చక్రం లేపి చేత్తో తిప్పండి. ప్యాడ్ కాస్త రాసుకున్న చప్పుడు మామూలే. బలవంతంగా తిప్పాల్సి వస్తేనే పట్టేసినట్టు. ఒక్క జాకీని నమ్ముకుని కారు కిందకి మాత్రం దూరొద్దు.

మందు కూడా ఖరీదైనది కాదు. పిన్నులు బయటకు తీసి, తుప్పు గీకి, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు పెట్టి, చిరిగిన రబ్బరు తొడుగులు మార్చాలి. షెడ్డులో బేరింగులకు వాడే మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి నెల తిరక్కుండా మళ్లీ పట్టేస్తుంది. ఏ గ్రీజు పెడుతున్నారో దగ్గరుండి చూసుకోండి. పిన్నులు బాగానే ఉన్నా పట్టేస్తుంటే కాలిపర్ లోపల ప్యాడ్‌ను నెట్టే పిస్టన్‌కు తుప్పు పట్టి ఉంటుంది, దానికి సీళ్ల కిట్ వేయాలి. వెనక చక్రాలు వేడెక్కుతుంటే హ్యాండ్ బ్రేక్ కేబుల్ మరీ బిగించారేమో చూడండి. లివరు లాగితే ఒకటి రెండు టక్కులకే బిగుసుకుంటే అది ఎక్కువ బిగించినట్టే.

టైర్ల గాలి గురించి అందరికీ తెలుసు గనక క్లుప్తంగా చెబుతాను. ఎంత పట్టాలో డ్రైవర్ డోరు తెరిస్తే పక్కన అతికించిన స్టిక్కర్ మీద ఉంటుంది. ఉదయం టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఎండలో ముప్పై కిలోమీటర్లు వచ్చాక గేజీలో కనిపించే అంకె ఎక్కువ చూపిస్తుంది.

ఇప్పుడు ఇంజిన్ సంగతి. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే బానెట్ కింద టిక్ టిక్ టిక్ మని వినిపించి, ఇంజిన్ వేడెక్కాక తగ్గిపోతోందా? ఇంజిన్ నుంచి పొగను సైలెన్సరుకు చేర్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో సన్నటి చీలిక గానీ, దాని గ్యాస్కెట్ కాలిపోవడం గానీ అయి ఉండొచ్చు. వేడికి ఇనుము వ్యాకోచించి సందు మూసుకుంటుంది గనక చప్పుడు ఆగుతుంది. ఇదేదో చిన్న చప్పుడని వదిలేస్తారు. కానీ ఆ దగ్గర్లోనే, పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో చూసే ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. చీలిక నుంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటే, గాలి ఎక్కువైంది, పెట్రోలు తక్కువైంది అని సెన్సర్ కబురు పంపుతుంది. కంప్యూటర్ ఆ మాట నమ్మి పెట్రోలు పెంచుతుంది. అప్పుడు సెన్సర్ మారిస్తే లాభం లేదు, చీలిక మూయాలి. 2013 తర్వాత వచ్చిన కార్లలో స్టీరింగ్ కింద కారు కంప్యూటర్ సమాచారం చదివేందుకు 16 పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది. మెకానిక్ స్కానర్ పెట్టినప్పుడు లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చూపే అంకె, ఎంత ఉందో అడగండి. ప్లస్ పది, మైనస్ పది మధ్య ఉంటే ఫరవాలేదు. ప్లస్ 15 దాటితే కంప్యూటర్ పెట్రోలు గట్టిగా పెంచుతున్నట్టు. గాలి ఎక్కడ దూరుతోందో, ఫ్యూయల్ పంపు ప్రెషర్ ఎలా ఉందో వెతకాలి.

నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ వణుకుతూ, సైలెన్సరు దగ్గర బుడ్ బుడ్ మని లయ తప్పితే ఒక సిలిండర్ సరిగా మండటం లేదు. ఎన్నో సిలిండరో స్కానర్ చెబుతుంది. పీ0301 కోడ్ అంటే మొదటిది, పీ0302 అంటే రెండోది. ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ కొత్తది కొనే ముందు, మొదటి దాని కాయిల్ రెండోదానికి, రెండోదానిది మొదటిదానికి మార్చి నడిపి చూడమనండి. 301 కోడ్ కూడా 302కు మారితే తప్పు కాయిల్‌ది. మారకపోతే ప్లగ్గునూ, పెట్రోలు చిమ్మే ఇంజెక్టరునూ చూడాలి. విప్పిన ప్లగ్గు మొన లేత గోధుమ రంగులో ఉండాలి. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, నూనె జిడ్డు ఉంటే ఇంజిన్ ఆయిల్ లోపలికి దిగుతోంది. మండని పెట్రోలు సైలెన్సరులోకి పోతే పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోతుంది. ప్లగ్గుతో పోయేదాన్ని అక్కడిదాకా తెచ్చుకోకూడదు.

చప్పుడు చేయని ఖర్చు ఒకటుంది. మన ఎండలకు ఇంజిన్ వేడెక్కకూడదని కొన్ని షెడ్డుల్లో, ఇంజిన్ వేడెక్కేదాకా రేడియేటర్ నీళ్లను ఆపి ఉంచే థర్మోస్టాట్ వాల్వ్‌నే తీసేస్తారు. ఇది పొరపాటు పద్ధతి. ఇంజిన్ తగినంత వేడెక్కకపోతే కంప్యూటర్ ఇంకా చల్లగా ఉందనుకుని పెట్రోలు ఎక్కువ ఇస్తూనే ఉంటుంది. పావుగంట నడిపినా డ్యాష్‌బోర్డులో ఇంజిన్ చల్లగా ఉందని చూపే నీలం లైటు ఆరకపోయినా, వేడి చూపే ముల్లు సగానికి ఎక్కకపోయినా వాల్వ్ తీసేశారేమో, తెరుచుకుని ఇరుక్కుపోయిందేమో చూడమనండి. అన్నిటికంటే ముందు మార్చే ఎయిర్ ఫిల్టరు, ఇంజెక్షన్ కార్లలో మూసుకుపోతే పికప్ తగ్గుతుంది గానీ మైలేజీ మీద ప్రభావం అంతంతే. అది పాత కార్బొరేటర్ కార్ల కాలం నాటి సలహా.

డీజిల్ కార్లలో చూడాల్సింది వేరు. మారుతి 2020 ఏప్రిల్‌లో డీజిల్ కార్లు ఆపేసింది గనక స్విఫ్ట్, డిజైర్ డీజిల్ ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లోనే దొరుకుతాయి. ఎక్సలేటర్ తొక్కినప్పుడు బుస్సుమని గాలి పోయే చప్పుడు, వెనక నల్లటి పొగ, పికప్ లేకపోవడం, ఈ మూడూ కలిసొస్తే టర్బో పోయిందని కంగారు పడొద్దు. టర్బో నుంచి వచ్చే గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ రబ్బరు పైపు చీలి ఉండొచ్చు. ముందు ఆ పైపు, దాని క్లిప్పులు చూడాలి.

చక్రాల వైపు మోత పట్టుకోవాలంటే ఒకే ప్రశ్న వేసుకోండి: అది దేన్నిబట్టి మారుతోంది? కారు వేగాన్నిబట్టి మారితే చక్రాలు, ఇంజిన్ వేగాన్నిబట్టి మారితే ఇంజిన్. యాభై దాటాక ఊఁ మని మోగే హోరు, ఖాళీ రోడ్డు మీద కుడివైపు మలుపులో పెరిగి ఎడమ మలుపులో తగ్గితే ఎడమ చక్రం బేరింగు మీద అనుమానం. బరువు దాని మీద పడినప్పుడే అది మోగుతుంది. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి చూసినప్పుడు హోరు కూడా చోటు మారితే తప్పు టైర్లది, బేరింగుది కాదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా వెళ్తున్నప్పుడు టక టకమంటే, ఇంజిన్ శక్తిని చక్రానికి అందించే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్. చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మి ఉందంటే రబ్బరు బూటు చిరిగింది. చప్పుడు మొదలవ్వకముందే బూటు మారిస్తే జాయింట్ బతుకుతుంది. చిన్న చిన్న గతుకుల్లో లొటలొట అంటే ముందుగా, మలుపుల్లో కారు పక్కకి ఒరగకుండా చూసే కడ్డీని చక్రాల దగ్గర కలిపే స్టెబిలైజర్ లింకులు చూడమనండి. అవి షాకబ్జర్ల కంటే చాలా చవక, పాడయ్యేది కూడా ఎక్కువసార్లు అవే.

బ్రేకు వేసినప్పుడు ఇనుము మీద ఇనుము గీకిన చప్పుడు వస్తే ప్యాడ్లు పూర్తిగా అరిగాయి. ఇక ఆ కారు షెడ్డుకే, అది కూడా నెమ్మదిగా. ఇంజిన్ లోపల్నుంచి బరువుగా డబ్ డబ్ మంటూ ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే వెంటనే పక్కకి తీసి ఇంజిన్ ఆపేయండి. పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్లీ పెట్టి చూడండి. ఆయిల్ తక్కువగా ఉంటే పై గీత దాకా పోసి స్టార్ట్ చేయండి. రెండు మూడు సెకన్లలో లైటు ఆరకపోతే, ఆరినా లోపలి చప్పుడు ఆగకపోతే, మళ్లీ స్టార్ట్ చేయకుండా టోయింగ్ బండి మీద ఎక్కించి పంపండి.