కన్నూ చెవీ కలిసే చోట పక్కమనిషి పాత్ర

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. నెల్లూరులో రికార్డు చేస్తున్న ఈ సంభాషణలో మనతో ఉన్నవారు చాలాకాలం డిగ్రీ విద్యార్థులకు మనస్తత్వశాస్త్రం బోధించిన మాస్టారు. సార్, మనం చూసేదీ వినేదీ మెదడులో ఒకే అనుభవంగా కలుస్తాయని చదువుకున్నాం. ఆ కలయికను పక్కన ఉన్న మనిషి కూడా మార్చగలడని మీరు అంటున్నారు. కన్నూ చెవీ నావైనప్పుడు పక్కవారికి అందులో ప్రమేయం ఎలా ఉంటుంది?

అతిథి: ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఆ కలయిక ఎలా జరుగుతుందో చూడాలమ్మా. మన జిల్లాలో డి.సి.పల్లి తోలుబొమ్మలకు పేరుపడిన ఊరు. తోలుబొమ్మలాటలో పద్యం పాడేవాడు తెర వెనక నిలబడి ఉంటాడు, కాలికింద ఉన్న చెక్కబల్లను తొక్కుతూ యుద్ధానికి కావలసిన చప్పుడు పుట్టిస్తాడు. అయినా తెర ముందు కూర్చున్న మనకు పద్యం హనుమంతుడి నోటి నుంచీ, అడుగుల చప్పుడు ఆ బొమ్మ పాదాల నుంచీ వస్తున్నట్టే ఉంటుంది. శబ్దం ఏ దిక్కు నుంచి వచ్చిందో తేల్చడంలో చెవికంటే కన్ను కచ్చితమైనది కనుక, మెదడు ఆ విషయంలో కంటికే ఎక్కువ విలువ ఇస్తుంది. అయితే ఈ పెద్దరికం కంటికి శాశ్వతంగా రాసిచ్చింది కాదు. డేవిడ్ అలైస్, డేవిడ్ బర్ అనే శాస్త్రవేత్తలు 2004లో చేసిన ప్రయోగాల్లో, చూపించే బొమ్మను బాగా మసకబార్చినప్పుడు పెత్తనం చెవికి మారింది. ఏది ఎక్కువ నమ్మదగినదైతే దానివైపు మెదడు మొగ్గుతుంది.

వ్యాఖ్యాత: అంటే ఇదంతా మన ఇష్టాయిష్టాలతో పని లేకుండా దానంతట అదే జరిగిపోతుందన్నమాట.

అతిథి: చాలాకాలం అలాగే అనుకున్నారు. 1976లో హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ ఒక ప్రయోగం ప్రకటించారు. తెరమీద పెదవులు ‘గ’ అంటున్నట్టు కదులుతుంటే, దానికి ‘బ’ అనే ధ్వనిని జోడించి వినిపించారు. చూసినవారిలో ఎక్కువమందికి ఆ రెండూ కాకుండా ‘డ’ వినిపించింది. కిటుకు తెలిసినవారికి కూడా అలాగే వినిపిస్తుంది కాబట్టి, ఇది మన అదుపులో లేని పని అని తోచడం సహజం. కానీ 2005లో ఆగ్నెస్ అల్సియస్ బృందం, చూసేవారికి అదే సమయంలో మరొక కష్టమైన పని అప్పగించినప్పుడు ఈ భ్రమ తగ్గిందని చూపింది. కన్నూ చెవీ కలవడానికి కొంత ధ్యాస కూడా ఖర్చవుతుందని దానివల్ల తెలిసింది. నా దృష్టిలో అసలు తలుపు తెరుచుకున్నది అక్కడే. ఎందుకంటే ధ్యాస అనేది మనిషి ఒక్కడే దాచుకునే సొత్తు కాదు, దాన్ని మనం రోజంతా ఇతరులతో పంచుకుంటూనే ఉంటాం.

వ్యాఖ్యాత: ఆ పంచుకోవడాన్ని నేరుగా పరీక్షించిన ప్రయోగాలు ఉన్నాయా?

అతిథి: ఉన్నాయి. మొదట చూపు, స్పర్శల విషయంలో చేశారు. వేలికి పైభాగాన తాకిందా కింది భాగాన తాకిందా అని చెప్పడం మీ పని అనుకోండి. అదే సమయంలో పక్కనే ఒక చిన్న దీపం వెలుగుతుంది. తాకింది పైన, దీపం వెలిగింది కింద అయితే, దీపాన్ని పట్టించుకోవద్దని ముందే చెప్పినా మీ జవాబు ఆలస్యమవుతుంది. 2010లో టోబియాస్ హీడ్, నటాలీ సెబాంజ్ తదితరులు ఇక్కడ ఒక మార్పు చేశారు. ఆ దీపాలకు జవాబు చెప్పే పనిని పక్కన కూర్చున్న రెండో మనిషికి అప్పగించారు. అప్పుడు మొదటి మనిషిని దీపాలు ఇబ్బంది పెట్టడం తగ్గింది. రెండో మనిషి చేయి చాచినంత దగ్గరలో ఉన్నప్పుడే ఆ మేలు కనిపించింది, దూరంగా జరిగి కూర్చుంటే కనిపించలేదు.

వ్యాఖ్యాత: చూపు, వినికిడి మాటేమిటి?

అతిథి: 2017లో బాసిల్ వాన్, అలన్ కింగ్‌స్టన్, పీటర్ కోనిగ్ తదితరులు అదే ప్రశ్న వేసుకున్నారు. వెలుగు పైన, శబ్దం కింద అన్నట్టు రెండూ పొంతన లేకుండా వచ్చినప్పుడు మనిషి తడబడతాడు, జవాబుకు ఎక్కువ సమయం తీసుకుంటాడు. ఒంటరిగా చేసినప్పటితో పోలిస్తే ఇద్దరూ జతగా చేసినప్పుడు ఆ అదనపు సమయం చెప్పుకోదగినంత తగ్గింది. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు గానీ నాకు మాత్రం ఎంతో విలువైనదిగా తోస్తుంది. జతలో ఉన్న మనిషి మాట సాయం చేయలేదు, సైగ చేయలేదు. పనిలో పాలు పంచుకున్నాడు, అంతే.

వ్యాఖ్యాత: మన రైసు మిల్లుల ఆవరణలో బస్తాల లారీని వెనక్కి తీసేటప్పుడు చూస్తుంటాం సార్. డ్రైవరు అద్దంలోంచి గోడను చూసుకుంటుంటాడు, క్లీనరు లారీ బాడీమీద అరచేత్తో కొడుతూ ‘రానీ, రానీ’ అంటుంటాడు. ఆ చప్పుడు ఆగిన క్షణంలో బ్రేకు పడుతుంది. అదీ ఇలాంటిదేనా?

అతిథి: పోలిక ఉంది, కానీ జాగ్రత్తగా చెప్పాలి. అక్కడ క్లీనరు కావాలనే సమాచారం అందిస్తున్నాడు, డ్రైవరు దాన్ని వింటున్నాడు. ప్రయోగంలో అటువంటి కబురు ఏదీ లేదు. అయినా మీరన్న దాంట్లో ఒక నిజం ఉంది. మిల్లు మోటారు మోత, హమాలీల కేకలు, వెనక నిలిచిన మరో లారీ హారను, ఇవన్నీ డ్రైవరు చెవిన పడుతూనే ఉంటాయి. వెనక సంగతి చూసుకునే మనిషి ఒకడున్నాడన్న నమ్మకం లేకపోతే వాటిలో ప్రతిదానికీ అతను ఉలిక్కిపడవలసి వస్తుంది. దీన్ని ఎవరైనా ప్రయోగశాలలో పరీక్షిస్తే చూడాలని నాకు ఎంతో ఆశ.

వ్యాఖ్యాత: అయితే నలుగురితో కలిసి సినిమా చూసినప్పుడు అనుభవం బలపడుతుందని అంటాం కదా. మీరు చెప్పేదేమో పక్కన మనిషి ఉంటే ప్రభావం తగ్గుతుందని. ఈ రెండూ ఎలా పొసగుతాయి?

అతిథి: అవి రెండు వేర్వేరు పరిస్థితులు, వాటిని కలిపేయకూడదు. పనిని చెరొక పాలు పంచుకున్నప్పుడు, అవతలివారి పాలుకు చెందినది మనల్ని తక్కువగా లాగుతుంది. ఇద్దరూ ఒకే దానిమీద ధ్యాస నిలిపినప్పుడు జరిగేది వేరు. 2014లో ఎరికా బూత్‌బీ, ఆమె సహచరులు చేసిన ప్రయోగంలో, పక్కమనిషి కూడా అదే చాక్లెట్ తింటున్నప్పుడు మంచి చాక్లెట్ మరింత రుచిగా అనిపించింది, చేదు చాక్లెట్ మరింత అయిష్టంగా అనిపించింది. వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. అది రుచికి సంబంధించినది కనుక సినిమా హాలుకు యథాతథంగా అంటగట్టలేం గానీ, ఆలోచించవలసిన దిశను మాత్రం చూపుతుంది.

వ్యాఖ్యాత: ఈ పంచుకునే ధ్యాస మనిషికి ఎప్పటి నుంచి అలవడుతుంది?

అతిథి: పసితనంలోనే. పెద్దలు చూపు తిప్పిన వైపుకే పసిపిల్లలూ చూస్తారని 1975లో స్కైఫ్, బ్రూనర్ నమోదు చేశారు. ఇంకో సంగతి చెప్పనివ్వండి. పిల్లలు నాలుగో నెల నుంచి ఎనిమిదో నెల మధ్యలో మాట్లాడేవారి కళ్ల నుంచి నోటివైపు చూపు మళ్లిస్తారనీ, ఏడాది నిండేసరికి తమ ఇంటి భాష విషయంలో తిరిగి కళ్లవైపు మళ్లుతారనీ 2012లో డేవిడ్ లెవ్‌కోవిచ్ బృందం చూపింది. పెదవుల కదలికకూ ధ్వనికీ ఉన్న సంబంధం నేర్చుకునే కాలమది. అందుకే ‘అదిగో కాకి’ అని చూపించే తల్లి ఫోనులోకి చూస్తూ కాక బిడ్డ ముఖంలోకి చూస్తూ ఆ మాట అనాలని నేను ప్రతి ఇంట్లోనూ బతిమాలుతుంటాను.

వ్యాఖ్యాత: చివరిగా ఒక శ్రోత పంపిన ప్రశ్న. ఒంగోలులో ఉండే వాళ్ల తాతగారికి వినికిడి తగ్గింది. నలుగురూ చేరి మాట్లాడుకుంటుంటే ఆయన విసుగుపడి లేచి వెళ్లిపోతున్నారట.

అతిథి: చుట్టూ రొద ఉన్నప్పుడు, మాట్లాడేవారి ముఖం కనిపిస్తే మాట ఎంతో మెరుగ్గా అర్థమవుతుందని సంబీ, పొలాక్ 1954లోనే చూపారు. రొద పెరిగేకొద్దీ ఆ సాయం విలువా పెరుగుతుంది. కనుక తాతగారిని కిటికీకి వీపు పెట్టి కూర్చోబెట్టండి, అప్పుడు వెలుగు మాట్లాడేవారి ముఖాలమీద పడుతుంది. టీవీ కట్టేయండి. ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవారు కూడా ఆ మాట్లాడే మనిషివైపే తిరిగి చూడండి, అప్పుడు ఎవరి పెదవులను గమనించాలో ఆయన వెతుక్కోనక్కరలేదు. చెవుల వైద్యుడికి చూపించడం మాత్రం వాయిదా వేయవద్దు.