ఈ మూడు తెల్లరాళ్లు ఒకటేనా?

(సైదాపురం మండలంలోని ఒక ఉన్నత పాఠశాలలో పిల్లల ముందు చేసిన ప్రసంగం)

పిల్లలూ, బల్లమీద మూడు తెల్లరాళ్లు పెట్టాను. పేర్లు ఇప్పుడే చెప్పకండి. రంగు చూసి రాయిని గుర్తుపట్టబోతే చాలాసార్లు మోసపోతాం. మీ వయసులో నేనూ మోసపోయాను. గని పక్క ఇసుకలో తళతళలాడే రేకులు జేబు నిండా ఏరుకుని, బంగారం దొరికిందని ఇంటికి పరిగెత్తాను. మా అవ్వ ఒక రేకు తీసుకుని గోటితో చీల్చింది. "కాకిబంగారంరా నాయనా, బంగారం ఇట్లా పొరలుగా ఊడదు" అంది. అవ్వ బడికి పోలేదు, కానీ ఆమె చేసింది అచ్చమైన ఖనిజ పరీక్ష.

ఆ కాకిబంగారమే మన అభ్రకం, మీరనే మైకా. ఇదిగో, బొటనవేలంత మందమున్న ముక్క. అంచున గోరు దూర్చి లాగుతున్నాను, చూడండి. పుస్తకంలో కాగితంలా పొర వచ్చేసింది. వంచి వదిలితే మళ్లీ నిటారుగా నిలబడుతోంది. దీనిలో పరమాణువులు పొరలు పొరలుగా ఉంటాయి. పొర లోపల పట్టు గట్టిది, పొరకూ పొరకూ మధ్య పట్టు బలహీనం. అందుకే ఎంత పలచటి రేకైనా అదే దిశలో ఊడుతుంది. వేడికి ఓర్చుకుంటుంది, కరెంటును పోనివ్వదు. పాత ఇస్త్రీపెట్టె విప్పితే లోపల తీగ చుట్టి ఉండేది ఈ రేకుకే.

ఖనిజానికీ రాయికీ తేడా చాలామంది పెద్దవాళ్లకూ తెలియదు. మిక్చర్ పొట్లం రాయి అనుకోండి, అందులోని పల్లీ, బూందీ ఖనిజాలు. చీమకుర్తి గెలాక్సీ రాయి అలాంటి పొట్లమే. భూమి లోతున కరిగిన ముద్ద నిదానంగా చల్లారి గట్టిపడిన అగ్నిశిల అది. నల్లటి రాతిలో నక్షత్రాల్లా మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ, శాస్త్రం లెక్కలో అది గాబ్రో అనే నల్లటి అగ్నిశిల జాతి.

మార్కాపురం పలక కథ వేరు. నీటి అడుగున చేరిన సన్నటి బురద ముందు అవక్షేప శిల అయింది. తర్వాత ఒత్తిడికీ వేడికీ మారి రూపాంతర శిల అయింది. ఆ ఒత్తిడిలో ఖనిజాలన్నీ ఒకే వైపు సర్దుకోబట్టే ఉలి పెడితే పలకలుగా విడిపోతుంది. మన తాతలు అక్షరాలు దిద్దింది దానిమీదే.

ఇక కాఠిన్యం, అంటే గీత పడకుండా తట్టుకునే గట్టిదనం. 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే ఖనిజ శాస్త్రవేత్త పది ఖనిజాలను మెత్తనిదాని నుంచి గట్టిదాని వరకు వరసలో పెట్టారు. టాల్క్ 1, వజ్రం 10. మన గోరు సుమారు రెండున్నర. పలుగురాయి 7, గాజుమీద గీత పెడుతుంది.

ఇప్పుడు బల్ల దగ్గరికి రండి. ఒకటి పలుగురాయి, ఒకటి సున్నపురాయిలో ఉండే కాల్సైట్, ఒకటి పక్క జిల్లా మంగంపేట ముగ్గురాయి, అంటే బెరైటీస్. ఇనుప మేకుతో గీకండి, గీత పడనిది పలుగురాయి. మిగతా రెండూ చేతిలో పట్టుకుని తూచండి. ముగ్గురాయి అదే పరిమాణం నీటికన్నా నాలుగున్నర రెట్లు బరువు, ఇట్టే తెలిసిపోతుంది. చివరిదాన్ని పొడిచేసి వెనిగర్ చుక్క వేయండి, నురగ వస్తే కాల్సైట్. మేకు ముందు ఎవరు పట్టుకుంటారు?