ఎనిమిది పోర్టుల స్విచ్, మిల్లులో ఎలుక కొరికిన కేబుల్, ఒక సేవ్ బటన్ | సర్వర్ బాండింగ్ రివ్యూ

నమస్తే అందరికీ. చేతిలో ఉన్న ఈ ఎనిమిది పోర్టుల మేనేజ్డ్ స్విచ్, అంటే మనం సెట్టింగ్‌లు మార్చుకోగల నెట్‌వర్క్ స్విచ్, కంపెనీ వాళ్లు నాకు ఊరికే పంపించారు. రివ్యూ కోసం డబ్బులేమీ తీసుకోలేదు, వీడియో ముందుగా వాళ్లకు చూపించలేదు. స్పెసిఫికేషన్లు మీరు ఇప్పటికే వేరే వీడియోల్లో చూసే ఉంటారు, వాటిని నేను మళ్లీ చదవను. నాకు కావాల్సింది ఒక్కటే. సర్వర్‌కి రెండు నెట్‌వర్క్ కేబుళ్లు కలిపి ఒకే లింక్‌లా బాండ్ చేశాక అందులో ఒకటి పాడైతే, ఈ పెట్టె మనకు చెబుతుందా చెప్పదా?

నల్గొండలో నా టేబుల్ మీద నాలుగు రోజులు నడిపాను, తర్వాత మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో ఐదు వారాలు. మిల్లులోనే ఎందుకంటే ఊక దుమ్ము, ఎలుకలు, కరెంటు కోతలు మూడూ ఒక్కచోటే దొరుకుతాయి. యాసంగి వడ్లు వచ్చే రోజుల్లో గేటు బయట లారీలు వరుస కట్టి ఉంటాయి, బండి కాంటా ఎక్కగానే బరువు సర్వర్‌లోకి పోయి బిల్లు రావాలి, అది రాకపోతే హమాలీలు ఖాళీగా కూర్చుంటారు, డ్రైవర్లందరూ ఆఫీసు ముందుకొచ్చి నిలబడతారు.

ఈ స్విచ్ పెట్టకముందు సంగతి కొంచెం చెప్పాలి. అక్కడి పాత స్విచ్‌లో స్టాటిక్ ట్రంక్ మాత్రమే ఉండేది, అంటే అవతలి వైపుని అడగకుండానే రెండు పోర్టుల్నీ కలిపేయడం. ఎల్‌ఏసీపీ, అంటే రెండు వైపులా ఒకదానితో ఒకటి మాట్లాడుకుని కేబుళ్లని గ్రూపు చేసుకునే పద్ధతి, లేదు. సర్వర్‌లో మాత్రం ఎవరో బాండింగ్ మోడ్ 4, అంటే ఎల్‌ఏసీపీ కావాల్సిన 802.3ఏడీ పెట్టి పోయారు. ఒకరోజు పొద్దున్నే ఫోన్. "అన్నా, కాంటా కంప్యూటర్ల బిల్లు వస్తలేదు, అకౌంట్స్ దాంట్ల మంచిగనే వస్తుంది." రెండు గంటలు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌నే అనుమానించాను. అసలు జరిగింది ఏంటంటే, స్విచ్ నుంచి ఎల్‌ఏసీపీ ప్యాకెట్లు రాకపోవడంతో సర్వర్ ఒక కేబుల్‌నే వాడుకుంటూ రెండో దాన్ని పక్కన పెట్టింది, స్విచ్ మాత్రం రెండూ కలిసే ఉన్నాయనుకుని కొందరి ట్రాఫిక్ ఆ పక్కన పెట్టిన కేబుల్‌లోకి తోస్తోంది, సర్వర్ దాన్ని పారేస్తోంది. అందుకే ఒక కంప్యూటర్‌కి పని చేస్తుంది, పక్కదానికి చేయదు. మీ దగ్గర కూడా సగం మందికి పింగ్ వస్తూ సగం మందికి రాకపోతే ముందు ఇదే చూడండి. ఆ రోజుకి ట్రంక్ తీసేసి, సర్వర్‌ని మోడ్ 1, అంటే ఒక కేబుల్ పని చేస్తుంటే రెండోది స్పేర్‌గా ఉండే యాక్టివ్ బ్యాకప్‌లో పెట్టి బయటపడ్డాను. ఆ మోడ్‌కి స్విచ్‌లో ఏ సెట్టింగూ అక్కర్లేదు.

ఇప్పుడు దీని దగ్గరికి వద్దాం. ఇందులో నాకు పిచ్చిగా నచ్చింది ఒక్క పేజీ. ఎల్‌ఏసీపీ స్టేటస్ అని ఉంటుంది, ఇదిగో, స్క్రీన్ మీద చూడండి. ప్రతి పోర్టు పక్కన అవతలి వైపు మ్యాక్ అడ్రస్, అంటే ఆ పరికరం నెట్‌వర్క్ గుర్తింపు నంబర్, ఏంటో, పోర్టు గ్రూపులో చేరిందో లేదో, ఎంత స్పీడులో ఉందో చూపిస్తుంది. లినక్స్ సర్వర్‌లో ప్రాక్ కింద నెట్, దాని కింద బాండింగ్, అందులో బాండ్‌జీరో అనే ఫైల్‌ని క్యాట్ కమాండ్‌తో చూస్తే వచ్చేది కూడా ఇదే సమాచారం, కాకపోతే సర్వర్ వైపు నుంచి. రెండు వైపులవీ పక్కపక్కన పెట్టుకుంటే తప్పు ఎక్కడుందో పది నిమిషాల్లో తేలిపోతుంది.

మూడో వారంలో అదే జరిగింది. సాయంత్రం అందరూ ఒకేసారి రిపోర్టులు తీస్తే సర్వర్ నెమ్మదిగా ఉందన్నారు. లైట్లు రెండూ వెలుగుతున్నాయి. బాండ్‌జీరో ఫైల్‌లో రెండు కేబుళ్లకూ ఎంఐఐ స్టేటస్ అప్, అంటే లింక్ ఉంది అనే ఉంది. కానీ కింద చూస్తే ఒకదాని అగ్రిగేటర్ ఐడీ, అంటే అది ఏ గ్రూపులో ఉందో చెప్పే నంబర్, 1, ఇంకోదానిది 2. మామూలుగా రెండిటికీ ఒకటే ఉండాలి. స్విచ్ పేజీలో మూడో పోర్టు 100 అని చూపిస్తోంది, నాలుగో పోర్టు 1000. సర్వర్‌లో ఈథ్‌టూల్ అనే కమాండ్‌తో చూసినా 100 మెగాబిట్లే. స్పీడ్ వేరైతే రెండూ ఒకే గ్రూపులో చేరవు, అందుకే ఒకటి ఖాళీగా కూర్చుంది.

కేబుల్ పట్టుకుని వేళ్లతో తడుముకుంటూ పోయాను. బీరువా వెనక, గోడ మూలలో పైతోలు గరుకుగా తగిలింది. ఎలుక కొరికింది. నీలం, ఆరెంజ్, ఆకుపచ్చ జతలు బాగానే ఉన్నాయి, గోధుమరంగు జతలో ఒక తీగ పూర్తిగా తెగిపోయింది, రాగి మెరుస్తోంది. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, 100కి ఆరెంజ్, ఆకుపచ్చ రెండు జతలు చాలు. అందుకే లింక్ పడిపోలేదు, లైటు వెలుగుతూనే ఉంది. ఈసారి కొత్త కేబుల్‌ని పైపులో నుంచి లాగాను.

రెండో పరీక్ష. చాలామంది బాండింగ్ టెస్ట్ అంటే కేబుల్ పీకి చూపిస్తారు. ఎంఐఐమాన్ 100, అంటే లింక్ ఉందో లేదో సర్వర్ 100 మిల్లీసెకన్లకోసారి చూసుకునేలా పెడితే అది సులువే, నాకు ఒక్క పింగ్ పోయింది అంతే. అసలు కష్టం లింక్ ఉండి డేటా పోనప్పుడు. కావాలని స్విచ్‌లో ఒక పోర్టుని గ్రూపులోంచి తీసి ఖాళీ వీల్యాన్‌లో, అంటే వేరే ఎవరూ లేని విడి నెట్‌వర్క్‌లో పడేశాను. లైటు అలాగే ఉంది. ఎల్‌ఏసీపీ రేట్ స్లోలో ఉంటే ప్యాకెట్ 30 సెకన్లకు ఒకటి వస్తుంది, మూడు తప్పితేగాని, అంటే 90 సెకన్లయితేగాని అవతలి వైపు పోయిందని సర్వర్ ఒప్పుకోదు. దాదాపు నిమిషంన్నర కొన్ని కనెక్షన్లు అలాగే వేలాడాయి. అదే ఫాస్ట్ పెడితే సెకనుకొకటి, మూడు సెకన్లలో సర్దుకుంది. ఈ స్విచ్‌లో పోర్టు పోర్టుకీ షార్ట్ టైమౌట్, అంటే ఈ ఫాస్టే, పెట్టుకోవచ్చు, ఈ ధరలో ఇది ఉండటం నిజంగా గొప్ప. సర్వర్ వైపు కూడా ఫాస్ట్ పెట్టడం మర్చిపోకండి, అవతలి వైపు పోయిందని ఎవరికి వాళ్లే కనిపెట్టుకోవాలి.

రెండు గిగాబిట్లు కలిస్తే ఫైల్ కాపీ రెట్టింపు వేగంతో అవుతుందా అని ప్రతి వీడియో కింద అడుగుతున్నారు. ఒక్క కనెక్షన్ ఒక్క కేబుల్‌లోనే పోతుంది, అవ్వదు.

ఇక నాకు ఒళ్లు మండిన విషయం. సెట్టింగ్ మార్చి అప్లై నొక్కితే అన్నీ వెంటనే పని చేస్తాయి, మనం అయిపోయిందనుకుంటాం. కానీ అది సేవ్ అవ్వదు! సేవ్ చేయాలంటే పైన కుడి మూలలో గోరంత ఫ్లాపీ బొమ్మ ఉంది, దాన్ని విడిగా నొక్కాలి. సేవ్ చేయలేదని ఒక్క హెచ్చరిక కూడా రాదు. మొదటి వారంలో రాత్రి కరెంటు పోయి, యూపీఎస్ బ్యాటరీ దిగిపోయి, స్విచ్ రీస్టార్ట్ అయి గ్రూపు మొత్తం మాయమైంది. సర్వర్ ఆగలేదు, ఒంటికాలి మీద నడుస్తూనే ఉంది, ఎవరికీ తెలియలేదు. తొమ్మిదో రోజు నేను వెళ్లి చూస్తే పార్ట్‌నర్ మ్యాక్ అడ్రస్ దగ్గర అన్నీ సున్నాలు. అన్నీ సున్నాలంటే అవతల ఎల్‌ఏసీపీ మాట్లాడేవాళ్లే లేరని అర్థం. తొమ్మిది రోజులు! మన దగ్గర కరెంటు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు ఎవరూ ఇలా తయారు చేయరు. ఈ మాట కంపెనీకి మెయిల్‌లో కూడా రాశాను.

ఇంత తిట్టినా నేను దీన్ని వెనక్కి పంపట్లేదు. ఆ స్టేటస్ పేజీ లేకపోతే ఎలుక కొరికిన కేబుల్ నాకు సీజన్ మధ్యలో, లారీలు బయట ఉండగా దొరికేది. మిల్లులో ఇదే ఉంటుంది. కాంటా రూమ్ కోసం రెండోది నా డబ్బుతోనే ఆర్డర్ పెట్టాను, వచ్చాక దాని మూత మీద మార్కర్‌తో "సేవ్ నొక్కావా?" అని రాసిన చీటీ అంటిస్తాను.