హెడ్ ఎక్కడుందో చిప్‌కి తెలియదు

అందరికీ నమస్కారం. ఈ రోజుల్లో ఫ్లాపీ గురించి ప్రసంగమేమిటని మీలో కొందరు నవ్వుకుంటూనే ఉంటారు. సేవ్ బటన్ మీద బొమ్మగా తప్ప దాన్ని చూడనివాళ్లూ ఇక్కడ ఉండే ఉంటారు. నేను చెప్పబోయేది ఆ ప్లాస్టిక్ ముక్క గురించి కాదు, దాన్ని ఆడించిన కంట్రోలర్ చిప్ గురించి. 1981 నాటి ఐబీఎం పీసీ ఫ్లాపీ కార్డు మీద ఉన్నది జపాన్ కంపెనీ ఎన్‌ఈసీ వారి 765 అనే చిప్. ఇంటెల్ 8272 దానికి జంట, అదే డిజైన్. తర్వాత వచ్చిన 82077 కూడా అదే భాష మాట్లాడింది. అంతకుముందు 1978లో యాపిల్ డిస్క్ 2 డ్రైవ్‌కి ఆ కంపెనీ సహవ్యవస్థాపకుడు వాజ్నియాక్ ఇలాంటి చిప్పే వాడలేదు, చాకిరీ చాలావరకు ప్రాసెసర్‌తోనే చేయించాడు. అది వేరే కథ.

ముందు డ్రైవ్‌కి వెళ్లే కేబుల్ చూడండి. కంట్రోలర్ వైపు నుంచి వెళ్లే సంకేతాలు కొన్నే: మోటార్ తిప్పు, చదివి రాసే హెడ్ లోపలికా బయటికా, ఒక అడుగు వెయ్యి, ఈ పక్క చదువు, రాయి. తిరిగొచ్చేవి ఇంకా తక్కువ. డిస్కు ఒక చుట్టు తిరిగిందని ఇండెక్స్ పల్స్ వస్తుంది. డిస్కు మీద డేటా ఉండే గుండ్రటి వరుసలే ట్రాకులు; హెడ్ అన్నిటికన్నా బయటి సున్నా ట్రాక్ దగ్గరుంటే ఒక తీగ చెబుతుంది. రాయకూడని డిస్కయితే ఇంకో తీగ, డిస్కు మారిస్తే మరొకటి. వీటితో పాటు చదివిన డేటా. ‘నేను 40వ ట్రాక్ మీద ఉన్నాను’ అని చెప్పే తీగ మాత్రం లేదు. డ్రైవ్‌కే ఆ సంగతి తెలియదు, ఇక చిప్‌కేం తెలుస్తుంది?

అందుకే మొదటి కమాండ్ రీకాలిబ్రేట్. హెడ్ ఎక్కడున్నా సరే, సున్నా ట్రాక్ తీగ పలికేదాకా బయటికి అడుగులేయించడం. ఇక్కడ నాకు భలే నచ్చే చిక్కొకటి ఉంది. 765 గరిష్ఠంగా 77 అడుగులే వేయిస్తుంది, అప్పటికీ సున్నా రాకపోతే చేతులెత్తేసి తప్పు చూపిస్తుంది. 8 అంగుళాల ఫ్లాపీకి 77 ట్రాకులే ఉండేవి కాబట్టి ఆ లెక్క సరిపోయింది. తర్వాత 80 ట్రాకుల డ్రైవ్‌లు వచ్చాయి. హెడ్ 79వ ట్రాక్ మీద ఉందనుకోండి, 77 అడుగులు వేసినా ఇంటికి ఇంకా రెండడుగులుంటుంది. అందుకే తెలిసినవాళ్లు రాసిన డ్రైవర్ కోడ్‌లో, అంటే ఈ చిప్‌ని నడిపే ప్రోగ్రామ్‌లో, రీకాలిబ్రేట్ విఫలమైతే మరోసారి పంపుతారు. కారణం తెలియనివాడికి అది మూఢనమ్మకంలా కనిపిస్తుంది.

సున్నా దొరికాక ఇక అంతా లెక్కే. ఫలానా ట్రాక్‌కి వెళ్లమనే సీక్ కమాండ్ ఇస్తే ఎన్ని పల్సులు పంపిందో చిప్ లెక్కపెట్టుకుంటుంది. సీక్ పూర్తవగానే ప్రాసెసర్‌ని తట్టి చెప్పే సంకేతం, ఇంటరప్ట్, వస్తుంది కానీ ఫలితం రాదు. సెన్స్ ఇంటరప్ట్ స్టేటస్ అనే కమాండ్ పంపి మనమే అడగాలి, అప్పుడు రెండు బైట్లు ఇస్తుంది. రెండో బైట్‌లో ట్రాక్ నంబర్ ఉంటుంది. దాన్ని చూసి మురిసిపోకండి, అది చిప్ వేసుకున్న లెక్క మాత్రమే. మధ్యలో ఒక అడుగు జారినా అదే నంబర్ ధీమాగా చెబుతుంది.

నిజం బయటపడేది చదివేటప్పుడు. ట్రాక్‌లోని ప్రతి ముక్కకి, అంటే సెక్టార్‌కి, ముందు డిస్కు మీదే దాని చిరునామా రాసి ఉంటుంది: సిలిండర్ (అంటే ట్రాక్ నంబర్), హెడ్ (అంటే ఏ పక్క), సెక్టార్ నంబర్, సైజు. మనం అడిగిన సిలిండర్, అక్కడ రాసి ఉన్న సిలిండర్ కలవకపోతే ‘రాంగ్ సిలిండర్’ బిట్ వెలుగుతుంది. రెండు ఇండెక్స్ పల్సులు దాటినా అడిగిన చిరునామా కనబడకపోతే ‘నో డేటా’ అంటుంది.

రీడ్ కమాండ్ అంటే తొమ్మిది బైట్లు, ఒక్కొక్కటిగా ఒకే పోర్టులోకి. ప్రతి బైట్‌కి ముందు, చిప్ తన స్థితి చూపే మెయిన్ స్టేటస్ రిజిస్టర్‌లో రెండు బిట్లు చూడాలి: చిప్ సిద్ధంగా ఉందా, డేటా ఎటు వెళ్లాలి? 1.44 ఎంబీ డిస్కుకి సైజు బైట్ 2, అంటే సెక్టార్‌కి 512 బైట్లు. సెక్టార్లు ఒకటి నుంచి మొదలవుతాయి, సున్నా నుంచి కాదు. తొమ్మిదో బైట్ అందగానే పని మొదలు. డిస్కు నిమిషానికి 300 చుట్లు తిరుగుతుంది, ప్రతి 16 మైక్రోసెకన్లకి ఒక బైట్ వచ్చి పడుతుంది. ప్రాసెసర్‌ని కదపకుండా డేటాని మెమరీలోకి చేర్చే డీఎంఏ దాన్ని తీసుకోవడం ఆలస్యమైతే ఓవర్‌రన్, ఆ చదువు చెడిపోయినట్టే.

పని అయ్యాక చిప్ ఏడు ఫలితం బైట్లు పెడుతుంది. ఏడూ తీసుకోవాలి. నా మొదటి డ్రైవర్ మొదటి సెక్టార్ చక్కగా చదివింది, రెండోదానికి బిగుసుకుపోయింది. ఒక సాయంత్రమంతా కేబుల్ మీద అనుమానపడ్డాను, ఇంకో కేబుల్ కూడా మార్చాను. చూస్తే, డేటా వచ్చేసింది కదా అని నేను ఫలితాలు చదవడం మానేశాను. తన మాట పూర్తిగా వినేదాకా చిప్ కొత్త కమాండ్ తీసుకోదు.

ఆ ఫలితాల్లో తప్పు బిట్ వెలిగినా అది తప్పు కాని సందర్భాలున్నాయి. ఇక చాలు అని చిప్‌కి చెప్పే సంకేతం టెర్మినల్ కౌంట్. పీసీలో ఆ పని డీఎంఏది. 1980ల నాటి హోమ్ కంప్యూటర్ ఆమ్‌స్ట్రాడ్ సీపీసీలో ఆ సంకేతం ఇచ్చే దారే లేదు. అక్కడ ప్రతి చదువూ ‘ఎండ్ ఆఫ్ సిలిండర్’ అనే ఎర్రర్‌తోనే ముగుస్తుంది. సాఫ్ట్‌వేర్ ఆ బిట్‌ని చూసీ చూడనట్టు వదిలేస్తుంది.

పీసీలో మోటార్ ఈ చిప్ చేతిలో లేదు, దానికి వేరే రిజిస్టర్ ఉంది. మోటార్ వేయడం మరిచిపోయి, లేదా డిస్కే పెట్టకుండా రీడ్ ఇచ్చారనుకోండి. చిప్ రెండు ఇండెక్స్ పల్సుల కోసం చూస్తుంది. తిరగని డిస్కు నుంచి పల్స్ రాదు, ఇంటరప్ట్ కూడా రాదు, ఎంతసేపైనా అలాగే ఉంటుంది. టైమవుట్ పెట్టుకుని మనమే రీసెట్ చేయాలి. రీసెట్ తర్వాత ఒక్క డ్రైవే ఉన్నా నాలుగు డ్రైవ్‌ల తరఫున నాలుగుసార్లు సెన్స్ ఇంటరప్ట్ అడగాలి. ఆ తర్వాత హెడ్ అడుగుల వేగం చెప్పే స్పెసిఫై, మళ్లీ రీకాలిబ్రేట్. డ్రైవ్ లోంచి వినిపించే ఆ గరగర అప్పటిదే.

ఇక మీ ప్రశ్నలు అడగండి.