సింకు పక్కన పాల ప్యాకెట్టు

శ్రోతలందరికీ నమస్కారం.

ఈ మాటలు వింటున్నవారిలో ఎవరైనా ఇప్పుడు వంటింట్లో ఉంటే ఓసారి సింకు పక్కకి చూడండి. పొద్దున కత్తిరించిన పాల ప్యాకెట్టు అక్కడే ఉండి ఉంటుంది. శ్రీకాకుళమైనా, విజయనగరమైనా, ఆమదాలవలస, చీపురుపల్లి లాంటి ఊళ్లయినా ఇంటికి రోజూ ఒకటో రెండో ప్యాకెట్లు మామూలే. మన ఇళ్లలో పోగయ్యే పల్చటి ప్లాస్టిక్‌లో అంతకంటే మంచి సరుకు ఉండదు. అందుకే ఇంట్లో వాడేసిన ప్లాస్టిక్‌నీ గాజునీ ఏం చేయాలన్న ఈ కబురుని దానితోనే మొదలుపెడుతున్నాను.

అది పాలిథీన్. కరిగిస్తే గుళికలవుతుంది. ఆ గుళికలతో పొలాల్లో వేసే నల్ల పైపులు, టార్పాలిన్లు, నల్ల కవర్లు చేస్తారు. పాత సామాన్లు కొనేవాళ్లు దీన్ని తూకానికి తీసుకుంటారు, కాకపోతే కడిగి ఆరబెట్టి ఉండాలి. పాల చుక్కలతోనే మూట కట్టి వారం రోజులు ఉంచితే ఆ వాసనకి ఇంట్లోవాళ్లే ముక్కు మూసుకుంటారు, ఇక కొనేవాడు ఎందుకు ముట్టుకుంటాడు?

కత్తిరించేటప్పుడు మూల పూర్తిగా ఊడిపోకుండా, కాస్త అతుక్కుని ఉండేలా కోయండి. ఆ చిన్న ముక్క ఊడిందంటే దాన్ని ఏరేవాళ్లు ఉండరు, నేరుగా కాలవలోకి పోతుంది. పాలు గిన్నెలో పోశాక ప్యాకెట్టులో కాసిని నీళ్లు పోసి గిలకొట్టి మొక్కలకి పోసేయొచ్చు. ఆ నీళ్లు పాలగిన్నెలోనే పోసేవాళ్లూ ఉన్నారు, వాళ్లింట్లో కాఫీ సంగతి నేను మాట్లాడను. తడి ప్యాకెట్టుని సింకు వెనక టైలుకి అంటిస్తే సాయంత్రానికి ఆరి దానంతటదే ఊడిపడుతుంది. నెల తిరిగేసరికి ఒక కట్ట అవుతుంది.

ఇంత చాకిరీ ఎందుకని అడగొచ్చు. అదే ప్యాకెట్టు మిగిలిపోయిన సాంబారుతోనూ చేపముళ్లతోనూ కలిసి ఒకే బకెట్లో పడిందనుకోండి. దాన్ని బయటికి తీయాలంటే ఎవరో ఒకరు అందులో చెయ్యి పెట్టాలి. మన పట్టణాల్లో, పంచాయతీల్లో ఆ పని పారిశుధ్య కార్మికుల మీద పడుతుంది, వాళ్లలో ఆడవాళ్లు చాలామంది. తడి చెత్త, పొడి చెత్త ఇంట్లోనే వేరు చేసి ఇవ్వాలని 2016 నాటి నిబంధనల్లోనే ఉంది. ఊళ్లలో చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాలంటూ షెడ్లు కట్టారు. మంచిదే. కానీ అక్కడికి చేరేలోపే అన్నీ కలిసిపోయి ఉంటే, ఆ షెడ్డులో పనిచేసేవాళ్లు మాత్రం ఏం చేయగలరు?

నీళ్ల సీసాలకి, కూల్‌డ్రింకు సీసాలకి అడుగున చిన్న త్రికోణం, దాని మధ్య 1 అనే అంకె ఉంటాయి. పెట్ అనే రకం ప్లాస్టిక్ అది, తుక్కు కొట్టులో బాగా చెల్లుతుంది. ఫ్యాక్టరీలో మూతలతో సహా ముక్కలు చేసి నీళ్లలో వేస్తారు. సీసా ముక్కలు మునుగుతాయి, మూత ముక్కలు తేలతాయి. రెండూ వేరు వేరు ప్లాస్టిక్‌లు, వాటిని విడదీసే పని నీళ్లే చేసేస్తాయి. మునిగినవాటిని కడిగి, కరిగించి, పీచుగా లాగుతారు. మీరు తల కింద పెట్టుకునే దిండులో తెల్లటి పీచు ఉంటే, అందులో కొంత ఒకప్పుడు ఏ బస్టాండులోనో ఎవరో తాగేసిన సీసా కావచ్చు. షాంపూ డబ్బాల మీద 2, హోటలు నుంచి కూర వచ్చే డబ్బాల మీద 5 అంకె ఉంటుంది, వాటికీ గిరాకీ ఉంది. 3 అంటే పీవీసీ. ఇది పెట్‌లో కొంచెం కలిసినా సరుకంతా పాడవుతుంది, వేరుగానే ఉంచాలి.

చిప్స్ ప్యాకెట్లు, లోపల వెండిలా మెరిసే బిస్కెట్ ప్యాకెట్లు మాత్రం ఎవరూ కొనరు. ప్లాస్టిక్ పొర, దాని మీద అల్యూమినియం పూత, మళ్లీ ప్లాస్టిక్ పొర, వీటిని విడదీయడం దాదాపు అయ్యే పని కాదు. సిమెంటు ఫ్యాక్టరీల కొలుముల్లో బొగ్గుతో పాటు మండించడం ఒక దారి. పల్చటి కవర్లకి ఇంకో దారి చూపినవారు మదురై త్యాగరాజర్ ఇంజనీరింగ్ కాలేజీ ప్రొఫెసర్ ఆర్. వాసుదేవన్. కంకరని వేడి చేసి దాని మీద ప్లాస్టిక్ తురుము చల్లితే అది కరిగి రాయికి పూతలా పట్టేస్తుంది, దానికి తారు కలిపి రోడ్డు వేస్తారు. ఈ పనికి ఆయనకి 2018లో పద్మశ్రీ ఇచ్చారు. అయితే ఆ కవర్లు కూడా పొడిగా, వేరుగా చేతికందాలి. ఎటు తిరిగినా మళ్లీ మన సింకు దగ్గరికే వస్తున్నాం.

ఇరవై లీటర్ల వాటర్ టిన్ను ఏ కాలవలోనైనా తేలుతూ కనిపించిందా మీకు? కనిపించదు. దానికి డిపాజిట్టు కట్టాం, ఖాళీది ఇస్తేనే నిండుది వస్తుంది. పాతకాలం గోళీ సోడా సీసా కూడా అంతే, తాగి అక్కడే ఇచ్చేసేవాళ్లం. టిన్నూ ప్లాస్టిక్కే, నీళ్ల ప్యాకెట్టూ ప్లాస్టిక్కే. ఒకటి తిరిగి వెళ్లడానికి దారి ఉంది, రెండోదానికి లేదు. విజయనగరంలో సిరిమానోత్సవం మర్నాడు మూడు లాంతర్ల నుంచి కోట దాకా నడిస్తే ఆ తేడా కాళ్లకి తగులుతుంది.

ఇక గాజు. ఇసుక, సోడా, సున్నపురాయి కలిపి సుమారు 1500 డిగ్రీల వేడిలో కరిగిస్తే గాజవుతుంది. ప్లాస్టిక్‌ని కరిగించిన ప్రతిసారీ దాని బలం కొంత తగ్గుతుంది. గాజుకి ఆ బాధ లేదు, ఎన్నిసార్లు కరిగించినా గాజే. కొలిమిలో పాత గాజు పది శాతం కలిపితే ఇంధనం రెండున్నర, మూడు శాతం దాకా మిగులుతుంది.

ఇంత మంచి సరుకుని చూసి మన పాత సామాన్లాయన చెయ్యి అడ్డంగా ఊపేస్తాడు. ఆయన్ని తప్పు పట్టలేం. బరువెక్కువ, వచ్చే డబ్బు తక్కువ, బండి మీద పగిలితే తెగేది ఆయన చెయ్యి. పైగా కరిగించే ఫ్యాక్టరీకి మోసుకెళ్లే ఖర్చే సరుకు ధరని మింగేస్తుంది. అందుకని గాజు విషయంలో నా లెక్క వేరు. దాన్ని వీలైనంతకాలం ఇల్లు దాటనివ్వకూడదు.

మన వంటిళ్లకి ఇది కొత్తేమీ కాదు. ధనియాలూ మెంతులూ హార్లిక్స్ సీసాల్లో పోసుకున్న ఇళ్లే అన్నీ. ఆవకాయ, మాగాయ లాంటి వాటికి గాజుకి మించింది లేదు, లేదా జాడీ ఉండాలి. ఉప్పు, పులుపు, నూనె మూడూ కలిసినదాన్ని నెలల తరబడి పల్చటి ప్లాస్టిక్ డబ్బాలో ఉంచడం నాకు నచ్చదు. నీళ్ల సీసాలో అసలు వద్దు.

కొన్న జామ్ సీసాని పచ్చడికి వాడాలంటే ముందు కాగితం ఊడేదాకా గోరువెచ్చని నీళ్లలో నానబెట్టండి. మిగిలిన జిగురు కాస్త నూనె రాస్తే పోతుంది. తర్వాత మరిగే నీళ్లు నేరుగా సీసాలో పోయకండి, చల్లటి గాజు టక్కున పగులుతుంది. గిన్నెలో చన్నీళ్లు పోసి, అడుగున గుడ్డ వేసి, సీసాని అందులో పెట్టి అప్పుడు పొయ్యి వెలిగించండి. నీళ్లతో పాటే సీసా కూడా వేడెక్కుతుంది. పది నిమిషాలు మరిగాక చల్లారనిచ్చి ఎండలో బోర్లించండి. గుడ్డతో తుడవొద్దు, గుడ్డలో తడి ఉంటే బూజు అక్కడే మొదలవుతుంది. సీసా బాగానే ఉంటుంది, ముందు పాడయ్యేది మూత. రేకు మూతని ఉప్పు తినేస్తుంది, తుప్పు పచ్చడిలోకి దిగుతుంది. మూతకి తుప్పు కనిపిస్తే దాన్ని పారేసి, జాడీకి కట్టినట్టు శుభ్రమైన గుడ్డతో వాసెన కట్టుకోండి.

సీసాలతో కలపకూడనివీ కొన్ని ఉన్నాయి. అద్దం, పింగాణీ కప్పు, పొయ్యి మీద పెట్టే గాజు గిన్నె, వీటి తయారీ వేరు, కరిగే వేడి వేరు. ట్యూబులైట్లో పాదరసం ఉంటుంది. దాన్ని పగలగొట్టకుండా అట్టలో చుట్టి చెత్త బండివాళ్లకి చెప్పి విడిగా ఇవ్వాలి. పగిలిన గాజు ఏదైనా సరే, నాలుగు మడతల పేపర్లో చుట్టి అట్టపెట్టెలో పెట్టి పైన గాజు అని పెద్దక్షరాలతో రాయండి. కవర్లో వేసి మూతి ముడేస్తే, ఆ ముడి విప్పే మనిషికి లోపలేముందో ఎలా తెలుస్తుంది?

మళ్లీ వాడటంలో ప్రమాదాలూ ఉన్నాయి. కూల్‌డ్రింకు సీసాలో ఫినాయిలు, యాసిడ్, కిరోసిన్ పోసి బాత్రూము మూల పెట్టడం మన ఇళ్లలో చూస్తూనే ఉంటాం. దాహంతో పరిగెత్తుకొచ్చిన పిల్లాడికి అది కూల్‌డ్రింకు సీసాగానే కనిపిస్తుంది. పురుగుమందు డబ్బా ఎన్నిసార్లు కడిగినా నీళ్లకి, నూనెకి, గింజలకి పనికిరాదు. చిల్లు పెట్టి, ఎవరూ మళ్లీ వాడకుండా విడిగా ఉంచడమే మేలు. నీళ్ల పొయ్యి అంటుకోవడం లేదని కవరు ముక్క దూర్చే అలవాటు కూడా మానాలి, ఆ పొగ ముందు పీల్చేది పొయ్యి దగ్గర కూర్చున్న మనిషే. భోగి మంటలో పాత కుర్చీలు, టైర్లు వేసే కుర్రాళ్లకి ఈ సంగతి ఇంట్లో పెద్దవాళ్లే చెప్పాలి, రేడియోలో నేను చెబితే వినరు.

విందుల గురించి ఒక్కమాట. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు నిషేధం. స్వీటు పెట్టెలకి, శుభలేఖలకి చుట్టే పల్చటి ప్లాస్టిక్ కాగితం కూడా ఆ జాబితాలోనే ఉంది. పేపరు గ్లాసు పేరుకే పేపరు, లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది. మరి మన ఏజెన్సీలో కుట్టే అడ్డాకు విస్తర్లు ఉండగా ఇవన్నీ ఎందుకో నాకర్థం కాదు. గోగునార పండించిన జిల్లాల్లో ఉండి, సంచి మర్చిపోయి బజారుకెళ్లి కవరు అడగడం కూడా అంతే.

మీ పెరట్లో రెండు గోనె సంచులు వేలాడదీసి ప్లాస్టిక్ ఒకదాంట్లో, పగలని సీసాలు ఇంకోదాంట్లో వేస్తూ రండి. పాత సామాన్లాయన వచ్చినప్పుడు ఏది తీసుకుంటారో, ఏది తీసుకోరో, ఎందుకో ఆయన్నే అడగండి. ఊరూరికీ అది మారుతుంది, ఆ వివరం నాకంటే ఆయనకే బాగా తెలుసు. మీరు కడిగి ఆరబెట్టిన కట్ట చేతికిస్తే బేరం కూడా కాస్త తేలిగ్గా తెగొచ్చు.

సెలవు.